ఇంట్లో కత్తులకి సాన పట్టడానికి ఏది కొనాలి? ముందు మీ కత్తిపీట వైపు చూడండి

బరంపురంలో మా వీధిలోకి సాన పట్టే సైకిల్ అతను నెలకోసారైనా వచ్చేవాడు. సైకిల్‌ని స్టాండు మీద నిలబెట్టి, సీటు మీద కూర్చుని పెడల్ తొక్కుతుంటే ముందు బిగించిన సానచక్రం గిర్రున తిరిగేది, వీధిలో వాళ్లంతా కత్తిపీటలూ చాకులూ కత్తెరలూ పట్టుకుని చుట్టూ చేరేవారు. ఇప్పుడు ఆరు నెలలకోసారి కనిపిస్తే గొప్ప. ఈలోగా కత్తులు మొద్దుబారిపోతాయి, టమాటా కోస్తే తెగకుండా నలిగిపోతుంది, ఉల్లిపాయ మీద కత్తి జారి వేలి మీదకి వస్తుంది. అందుకే మా చుట్టాల్లో ఎవరింటికి వెళ్లినా ఒకటే ప్రశ్న, ఆన్‌లైన్‌లో సాన పట్టే సామాన్లు రకరకాలవి చూపిస్తున్నాయి కదా, వాటిలో ఏది కొనాలి అని.

వాటిలో చాలావరకు నేను కొని వాడాను. నేను చెప్పేది ఏమిటంటే, సామాను ఎంచుకునే ముందు మీ వంటింట్లో ఎక్కువ పని చేసే కత్తి ఏదో చూసుకోండి. వీడియోల్లో చెప్పేవాళ్లందరి చేతిలోనూ చాకే ఉంటుంది. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో మన తెలుగు ఇళ్లలో మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల అసలు పనంతా చేసేది కత్తిపీట. పక్కింటి ఒడియావాళ్లు దాన్ని ‘పనికి’ అని పిలుస్తారు, వస్తువు అదే. ఆ వీడియోలు చూసి కొన్న సామాను ఇంటికొచ్చాక కత్తిపీటకి ఎక్కదు, దాంతో అటక మీదకి వెళ్లిపోతుంది.

కొనే ముందు తేల్చుకోవలసినవి

మొదటిది కత్తి రకం. చాకు మన చేతిలో కదులుతుంది. కత్తిపీట కదలదు, కూరగాయే దాని మీదకి వెళుతుంది. సాన పట్టేటప్పుడు కూడా ఇదే తేడా. చాకునైతే రాయి మీద నడిపించవచ్చు, కత్తిపీటకైతే రాయినే వాదర దగ్గరికి తీసుకెళ్లి రుద్దాలి. పీటకి బిగించి, వంపు తిరిగి ఉన్న ఆ కత్తి ఏ గాడిలోనూ దూరదు, ఏ బిగింపుకీ ఆగదు. ఈ ఒక్క లెక్కతోనే అంగట్లో ఉన్న సామాన్లలో చాలా పక్కకి వెళ్లిపోతాయి.

రెండోది ఇనుము. కమ్మరి చేసిన కత్తిపీటలు, పాతకాలం కత్తులు తుప్పు పట్టే రకం ఉక్కువి. చింతపండు, మామిడికాయ తగిలితే నల్లబడతాయి, గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి రెండు రోజులు తుడవకపోతే ఎర్రబడతాయి కూడా, కానీ రాయి మీద చాలా త్వరగా పదునెక్కుతాయి. స్టీల్ సామాన్ల కొట్లో తక్కువ ధరకి దొరికే స్టెయిన్‌లెస్ చాకులు మెత్తనివి, వాటికి పదును రావడమూ తేలికే, పోవడమూ తేలికే. ఖరీదైన చాకుల పెట్టె మీద హెచ్‌ఆర్‌సీ అని ఒక అంకె ఉంటుంది, అది ఉక్కు ఎంత గట్టిదో చెబుతుంది. జర్మన్ తరహా చాకులు ఎక్కువగా 56 నుంచి 58 మధ్య ఉంటాయి, జపాన్ తరహావి 60 పైన. గట్టి ఉక్కు పదును ఎక్కువ రోజులు నిలుపుకుంటుంది, కానీ పెళుసు, టెంక మీద పడితే అంచు పెచ్చులు ఊడుతుంది. ఇక తెల్లటి సిరామిక్ చాకులకి వజ్రం పొడి ఉన్న పలకలు తప్ప మామూలు రాళ్లు పనిచేయవు.

మూడోది మీరు ఏం కోస్తారనేది, ఎందుకంటే దాన్ని బట్టే కోణం. వాదరకి ఒక్కో వైపు 15 డిగ్రీలు పెడితే టమాటా, కొత్తిమీర, చేప ముక్కలు వెన్నలా తెగుతాయి. 20 డిగ్రీలు రోజువారీ పనులన్నిటికీ సరిపోతుంది. ఆవకాయకి టెంకతో సహా కొట్టే కత్తి, కోడి ఎముకలు నరికే కత్తి అయితే 25కి తగ్గకూడదు, పల్చటి అంచు ఆ దెబ్బకి నిలవదు. పనసపొట్టు కొట్టే కత్తి 15కీ 25కీ మధ్యలో ఉంటుంది. పనసకాయ మెత్తనిదే, కానీ ఒకటే చోట వందలసార్లు పడే దెబ్బ అది, పైగా పాలు అంటుకుంటాయి, మా ఇంట్లో దానికి 20 పెట్టి వాడతాం.

నాలుగోది, ఇంట్లో ఈ పని చేసేది ఎవరు అనేది. నెలకి పావుగంట కేటాయించే ఓపిక ఉన్నవాళ్లు ఉంటే ఒక దారి, చేతులు వణికే పెద్దవాళ్లే ఉంటే ఇంకో దారి.

సైకిల్ సాన, కమ్మరి

మన చెయ్యి పడకుండా అయిపోయే పని ఇది. కత్తెరలకి, బాగా పెచ్చులూడిన కత్తులకి ఇప్పటికీ నేను సైకిల్ అతనికే ఇస్తాను. మంచి చాకులు మాత్రం ఇవ్వను. తడి లేకుండా తిరిగే చక్రానికి పల్చటి అంచు ఆనిస్తే వేడెక్కిపోతుంది. కత్తి తయారీలో ఉక్కుని గట్టిపరిచాక, పెళుసుదనం పోవడానికి మళ్లీ కొంచెం వేడి చేస్తారు, వంటింటి కత్తులకి అది సుమారు 200 డిగ్రీల దగ్గర జరుగుతుంది. సాన చక్రం మీద కత్తి మొన నీలం రంగుకి తిరిగిందంటే మామూలు ఉక్కు 300 డిగ్రీల దరిదాపులకి వెళ్లిందని అర్థం, అంటే అక్కడ గట్టిదనం పోయింది, ఆ ముక్క ఇక ఎంత నూరినా వారం తిరక్కుండానే మొద్దుబారుతుంది. నా చాకు ఒకటి ఇలాగే మొన దగ్గర అంగుళం మేర నీలంగా అయిపోయి తిరిగొచ్చింది. ఇవ్వక తప్పకపోతే, మధ్యమధ్యలో నీళ్లలో ముంచమని ముందే అడగండి, పక్కనే మగ్గుతో నీళ్లు పెట్టండి, వాళ్లు కాదనరు.

కమ్మరి సంగతి వేరు. కత్తిపీట అరిగి అరిగి వాదర మందం అయిపోయాక రాయితో రుద్దితే గంటల పని. అప్పుడు కమ్మరి దగ్గరికి తీసుకెళ్తే కొలిమిలో కాల్చి, అంచు కొట్టి పల్చన చేసి, మళ్లీ నీళ్లు పట్టి ఇస్తాడు. పర్లాకిమిడి, గుణుపురం చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నవాళ్లకి ఈ వీలు ఉంటే వదులుకోవద్దు. ఏ రెండు మూడేళ్లకో ఒకసారి చాలు.

హార్డ్‌వేర్ షాపు రాయి

ఒక వైపు గరుకు, ఒక వైపు కొంచెం నున్న, బూడిద రంగు లేక నలుపు, ఎనిమిది అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు. పెద్ద బజారులో ఏ హార్డ్‌వేర్ షాపులో అడిగినా కార్బొరండం రాయి అని ఇస్తారు. వడ్రంగులు ఉలులకి వాడేది ఇదే. ఈ పదార్థం అసలు పేరు సిలికాన్ కార్బైడ్. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ అనే ఆయన కృత్రిమ వజ్రాలు చేద్దామని ప్రయోగాలు చేస్తుంటే ఇది తయారైంది. గట్టిదనం కొలిచే మోస్ స్కేలులో వజ్రం 10 అయితే ఇది 9కి పైనే, కాబట్టి ఇంట్లో ఉండే ఏ ఇనుప కత్తినైనా అరగదీస్తుంది. సన్నికల్లు మీదా గడప రాయి మీదా కత్తి రుద్దితే పని నెమ్మదిగా, ఎగుడుదిగుడుగా సాగడానికి కారణం కూడా ఇదే. ఆ రాళ్లలో ఉండే క్వార్ట్‌జ్ గట్టిదనం 7, ఉక్కుకి కొంచెమే పైన.

ఒకటే వస్తువు కొనాలంటే ఇదే కొనమంటాను. చాకుకీ పనికొస్తుంది, కత్తిపీటకీ పనికొస్తుంది, కొబ్బరి కొట్టే కత్తికీ పనికొస్తుంది. లోపం ఏమిటంటే నున్న వైపు కూడా మరీ నున్నగా ఉండదు, అంచు కాస్త రంపపు పళ్లలా మిగులుతుంది. కూరగాయలకి అది మంచిదే, టమాటా తొక్క చటుక్కున పట్టుకుంటుంది. చేపని పల్చగా కోయాలంటే మాత్రం సరిపోదు.

నూనె వేయాలా నీళ్లా అని అడుగుతారు. ఏదో ఒకటే పెట్టుకోండి. ఒకసారి నూనె తాగిన రాయి మీద మళ్లీ నీళ్లు నిలవవు. నేను నీళ్లే వాడతాను, కడుక్కోవడం తేలిక. నూనె అయితే కుట్టు మిషను నూనె వేయండి. కొబ్బరినూనె, వంటనూనె వేస్తే కొన్నాళ్లకి జిగురులా గడ్డకట్టి రాయి రంధ్రాలు మూసుకుపోతాయి, ఆ తర్వాత కత్తి దాని మీద జారడమే తప్ప అరగదు.

నీటి రాళ్లు, వజ్రం పలకలు

ఆన్‌లైన్‌లో తెలుపు, నీలం, ఎరుపు రంగుల్లో రెండు వైపులా వేరే నంబర్లతో కనిపించేవి నీటి రాళ్లు. నంబరు పెరిగేకొద్దీ నున్న. 400 లోపువి పెచ్చులూడిన కత్తులని బాగుచేయడానికి, 1000 మామూలు పదునుకి, 3000 నుంచి 6000 మెరుగు పెట్టడానికి. ఇంటికి 1000, 3000 కలిసిన రాయి చక్కగా సరిపోతుంది, మెత్తని స్టెయిన్‌లెస్ చాకుకి 6000 పెట్టి గంట కష్టపడినా ఆ మెరుగు రెండు వంటలకి మించి నిలవదు. ఈ రాళ్లలో ఎక్కువ రకాలు వాడే ముందు పది పదిహేను నిమిషాలు నీళ్లలో నానాలి, బుడగలు రావడం ఆగిందాకా. మెత్తనివి కాబట్టి మధ్యలో గుంట పడతాయి. పెన్సిల్‌తో గళ్లు గీసి, గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, ఆ గీతలన్నీ పోయేదాకా రుద్ది చదును చేసుకోవాలి. ఈ పని కూడా ఇష్టపడి చేసేవాళ్లకే నీటి రాళ్లు.

వజ్రం పలక అంటే స్టీల్ రేకు మీద వజ్రం పొడి అంటించినది. గుంట పడదు, నానబెట్టక్కర్లేదు, నాలుగు చుక్కల నీళ్లు చాలు, పది నిమిషాల పని నాలుగు నిమిషాల్లో అవుతుంది. పట్టుకోవడానికి పిడి ఉన్న చిన్న వజ్రం పలక కత్తిపీటకి భలే కుదురుతుంది, ఎందుకంటే ఒక చేత్తో పట్టుకుని వంపు వెంట నడిపించవచ్చు. గట్టిగా నొక్కకూడదు, నొక్కితే పొడి ఊడిపోతుంది. మొదటి రెండు మూడు సార్లు బాగా గరుకుగా కోసి తర్వాత నెమ్మదిస్తుంది, చెడిపోయిందని కంగారు పడకండి.

గాడిలో పెట్టి లాగేవి

అందరి ఇళ్లలోనూ ఒకటి ఉండేది ఇదే, అందరికీ తృప్తి లేనిదీ ఇదే. వి ఆకారపు గాడిలో కత్తి పెట్టి మూడుసార్లు లాగితే పదును వస్తుంది, నిజమే, వస్తుంది. కానీ గాడిలో ఉన్న ఆ రెండు గట్టి బిళ్లలు అంచుని అరగదీయవు, చెక్కేస్తాయి. ఏడాది తిరిగేసరికి నా చాకు వాదర అలలు అలలుగా అయింది, పిడి దగ్గర కొంత భాగం గాడిలోకి వెళ్లదు కాబట్టి అక్కడ అరగక, కోసేటప్పుడు చెక్కపలకకి ఆ చోటే ముందు తగిలి, దాని పక్కన ఉల్లికాడలు సగం తెగి సగం వేలాడేవి. వంద రూపాయల చాకుకి ఇది వాడుకోండి, అందులో తప్పేమీ లేదు. తెల్లటి సిరామిక్ చక్రాలున్న గాడి ఉంటే అదే ఎక్కువ వాడండి, లోహపు బిళ్లలున్న గాడిని అవసరమైతేనే. కత్తిపీటకి మాత్రం అసలు ఆలోచించవద్దు.

కోణం పట్టి ఉంచేవి

కత్తిని బిగించి, ఊచకి తగిలించిన రాయిని దాని మీద నడిపించే స్టాండు ఒకటి, అయస్కాంతం ఉన్న దిమ్మకి కత్తిని ఆనించి పక్కన గుండ్రటి వజ్రం బిళ్లని దొర్లించేది ఇంకొకటి. రెండిట్లోనూ కోణం చెదరదు, అదే వీటి బలం. చేతులు నిలకడగా లేనివాళ్లకి, రాయి మీద కోణం పట్టడం ఎన్నిసార్లు ప్రయత్నించినా రానివాళ్లకి దొర్లించే రకం చెబుతాను. మా పిన్నికి అరవై దాటాయి, కీళ్ల నొప్పులు, రాయి మీద కత్తి నొక్కి నడపలేదు. ఆవిడకి ఇదే కొనిచ్చాం, సుఖంగా వాడుకుంటోంది. కరెంటుతో తిరిగేవి టిఫిన్ సెంటర్లకి, కేటరింగ్ వాళ్లకి, రోజుకి పది కత్తులు పట్టాల్సినవాళ్లకే. ఇంట్లో వాటి అవసరం లేదు.

స్టీల్ కడ్డీ, కప్పు అడుగు

హోటల్ వంటవాళ్లు కత్తిని చకచకా రాసే కడ్డీ పదును పెట్టదు, ఒక పక్కకి వంగిన అంచుని నిటారుగా చేస్తుంది. అందుకే మొద్దుబారిపోయిన కత్తిని దాని మీద ఎంత రాసినా లాభం ఉండదు, పదునుగా ఉన్న కత్తిని వారానికి రెండుసార్లు రాస్తే మాత్రం రాయి అవసరం నెలలు వెనక్కి వెళుతుంది. చేతిలో ఏమీ లేని రోజున పింగాణీ కప్పు బోర్లించి, అడుగున మెరుపు పూత లేని గరుకు అంచు మీద కత్తిని అటు పది, ఇటు పది సార్లు నడపండి, ఆ పూటకి వంట గడిచిపోతుంది.

ధరలు నేను చూసినవి, ఊరిని బట్టి అటూ ఇటూ అవుతాయి:

| పద్ధతి | ఖర్చు సుమారుగా | ఓసారికి పట్టే టైం | కత్తిపీటకి | నేర్చుకోవడం |
|---|---|---|---|---|
| హార్డ్‌వేర్ షాపు రాయి | 150–300 | 15 నిమిషాలు | బాగా పనికొస్తుంది | నాలుగైదు సార్లు చేస్తే వస్తుంది |
| నీటి రాయి 1000/3000 | 800–2500 | నానబెట్టడం కాక 20 నిమిషాలు | బరువు, చేత్తో పట్టుకోవడం కష్టం | ఓపిక కావాలి |
| పిడి ఉన్న వజ్రం పలక | 400–1500 | 5 నిమిషాలు | అన్నిటికన్నా సులువు | తేలిక |
| లాగే గాడి | 150–600 | 1 నిమిషం | పనికిరాదు | అక్కర్లేదు |
| బిగించే స్టాండు, దొర్లించేది | 1000 పైన | 10–25 నిమిషాలు | పనికిరాదు | తేలిక |
| స్టీల్ కడ్డీ | 300–1000 | అర నిమిషం | కుదరదు | ఒక రోజు |

మరి మీకు ఏది

కత్తిపీటే ప్రధానం, చాకు పండ్లకి మాత్రమే అంటే, హార్డ్‌వేర్ షాపు రాయి ఒకటి తెచ్చుకుని ఊరుకోండి. నాలుగు వందలు పెట్టగలిగితే పిడి ఉన్న వజ్రం పలక ఇంకా సుఖం. ఉద్యోగం కోసం అద్దె గదిలో ఉంటూ ఒక్క చాకుతో వంట చేసుకునే పిల్లలకి లాగే గాడి చాలు, ఆ చాకు అరిగితే ఇంకొకటి కొనుక్కోవచ్చు. రెండు మూడు వేలు పెట్టి మంచి చాకు కొన్నవాళ్లు, దయచేసి దాన్ని గాడిలో పెట్టకండి, సైకిల్ చక్రానికి ఇవ్వకండి, నీటి రాయి కొని నేర్చుకోండి, అది చేతకాదనిపిస్తే దొర్లించేది. వారానికి రెండు మూడుసార్లు చిలికా చేపలు, రొయ్యలు తెచ్చుకుని ఇంట్లోనే శుభ్రం చేసుకునేవాళ్లకి రాయితో పాటు కడ్డీ కూడా ఉండాలి, పొలుసు గీకిన కత్తికి అంచు త్వరగా వంగుతుంది. మా బరంపురం అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లోలా ఇంటినిండా చుట్టాలు దిగి, కిలోల కొద్దీ కూరలు తరగాల్సి వస్తే, ముందురోజు సాయంత్రమే అన్ని కత్తులకీ ఒక విడత రాయి పట్టేయండి, పొద్దున్న కంగారులో వద్దు.

గ్రానైట్ గట్టు మీద, స్టీల్ పళ్లెంలో కోసే అలవాటు ఉంటే ఏది కొన్నా డబ్బు దండగే. రెండు కోతలకే అంచు వంగిపోతుంది. చెక్కపలక మీద కోయండి. కత్తిపీట పదును అన్ని రోజులు నిలవడానికి కారణం దాని వాదరకి కూరగాయ తప్ప ఇంకేదీ తగలకపోవడమే.

చాకు నూరే పద్ధతి

రాయి కింద తడిగుడ్డ వేయండి, కదలకూడదు. కత్తి వెడల్పు 40 మిల్లీమీటర్లు ఉంటే వెన్ను రాయి నుంచి సుమారు 14 మిల్లీమీటర్లు పైకి లేపితే 20 డిగ్రీలు, 10 లేపితే 15 డిగ్రీలు. కొత్తలో వాదర పొడుగునా మార్కర్ పెన్ను రాసి రెండుసార్లు రాయి మీద నడిపి చూడండి. రంగు అంచు దాకా పోతే కోణం సరిగ్గా ఉంది, పై భాగంలోనే పోతే వెన్ను ఇంకొంచెం లేపాలి, మరీ అంచునే పోతే దించాలి. ఇంతకన్నా మంచి గురువు దొరకదు.

గరుకు వైపు మీద ఒక పక్కే నూరుతూ ఉండండి. కాసేపటికి అవతలి పక్కన వేలితో వెన్ను నుంచి అంచు బయటికి తడిమితే సన్నటి ఇనుప గరుకు తగులుతుంది. పిడి నుంచి మొన దాకా ఆ గరుకు తగిలేంత వరకు రెండో పక్కకి తిప్పవద్దు. చాలామంది ఇక్కడే తొందరపడి, పది ఇటూ పది అటూ లెక్కపెట్టి లేచిపోతారు, అంచు తయారవకుండానే పని ఆపేస్తారు. రెండో పక్కా అలాగే చేశాక నున్న వైపు మీద నొక్కకుండా అటొకటి ఇటొకటి తీస్తూ ఆ గరుకుని పోగొట్టాలి. చివర పాత తోలు బెల్టు మీద, లేదా రాయికి చుట్టిన న్యూస్ పేపర్ మీద, వాదర వెనక్కి వచ్చేలా పదేసి సార్లు లాగండి. ముందుకి తోస్తే బెల్టు తెగుతుంది.

కత్తిపీటకి

పీటని కాలితో గట్టిగా తొక్కి పట్టండి, వాదర మీకు ఎదురుగా ఉంటుంది కాబట్టి ముంజేతికి మందపాటి గుడ్డ చుట్టుకోండి, పొడుగు చేతుల చొక్కా వద్దు, అంచు పట్టుకుంటుంది. రాయిని వెనక నుంచి నాలుగు వేళ్లతో పట్టుకోవాలి, వేలి కొసలు రాయి అంచు దాటి రాకూడదు. కత్తి పక్క తలానికి ఆనించి, కొంచెం తిప్పి, కింద నుంచి కొబ్బరి కోరు దాకా వంపు వెంట ఒకే ఊపులో నడిపించండి. వాదర వైపు తోయవద్దు, వాదర నుంచి బయటికి జారనివ్వండి. కమ్మరి కొన్నిటికి ఒక వైపే ఏటవాలు పెడతాడు. మీది అలాంటిదైతే ఆ వైపే నూరి, రెండో వైపు రాయిని పూర్తిగా ఆనించి మూడు నాలుగుసార్లు తుడిచినట్టు చేస్తే చాలు. రెండు వైపులా ఏటవాలు పెట్టేస్తే కంద ముక్కలు వంకరగా తెగడం మొదలవుతుంది, మా అమ్మ ఒక్క కోతకే కనిపెట్టేసింది.

పని అయ్యాక మిగిలిన నల్లటి మడ్డిలో ఇనుము, రాతి పొడి ఉంటాయి. దాన్ని పాత పేపర్‌తో తుడిచేసి, కత్తిని సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో ఆరబెట్టి, ఇనుప కత్తి అయితే రెండు చుక్కల నూనె రాయండి. ఆ తర్వాత ఇంట్లో వాళ్లందరికీ చెప్పండి. మొద్దు కత్తికి అలవాటైన చేతులు అదే బలంతో నొక్కుతాయి, నూరిన మొదటి రోజే వేళ్లు తెగేది. మా ఇంట్లో కత్తిపీట నూరిన రోజు దాని కాడకి ఎర్రగుడ్డ కట్టి పెడతాం, మర్నాడు వంట అయ్యాక విప్పుతాం.